నడుము లోతు నీళ్లు

ఆ రోజు తీసిన వీడియో ఇంకా మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఉంది. వెనక్కి జరుపుకుంటూ పోతే కనిపిస్తుంది. మొదట ఆకాశం, తర్వాత ఎవరిదో చీర అంచు, తర్వాత నీళ్లు, ఆ పైన నవ్వులు. మా వాళ్లందరూ నడుము లోతు నీళ్లలో నిలబడి ఒకరినొకరు చూసుకుని నవ్వుతుంటారు. మా ఆడబిడ్డ పట్టుచీర నీళ్ల మీద గొడుగులా విచ్చుకుని ఉంటుంది. మా మరిది రెండు చేతులూ పైకెత్తి "గోవిందా గోవింద" అని అరుస్తాడు. అక్కడితో అయిపోతుంది. అక్కడితో అయిపోయేలా కత్తిరించి పంపింది కూడా మరిదే. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరో ఒకరు ఆ వీడియో తీసి కొత్త చుట్టాలకు చూపిస్తారు. వాళ్లూ నవ్వుతారు. నవ్వు రాకుండా ఉండే వీడియో కాదది.

ఆ తర్వాత జరిగింది ఎవరి ఫోనులోనూ లేదు. పాప నిద్రపోయింది, మావారు రేణిగుంట గోడౌనులో రాత్రి డ్యూటీకి వెళ్లారు. ఆ జరిగింది రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

నాకు భయం ఎక్కువ. పెళ్లికి ముందు నుంచే ఉండేది, పాప పుట్టాక ఇంకా పెరిగింది. తిరుపతిలో మేము అద్దెకుండేది మేడ మీద. మెట్ల కమ్మీల సందుల్లోంచి పాప తల దూరుస్తుందని పాత చీర తెచ్చి పై నుంచి కింద దాకా అల్లి కట్టాను. ఇంటి ఓనరు చూసి, ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లు ఏమనుకుంటారు అన్నాడు. గ్యాస్ ఆపానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. డిగ్రీలో జువాలజీ చదివాను కాబట్టి, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే ఏమవుతుందో బొమ్మ గీసి మరీ చెప్పగలను. చదువు నా భయానికి పేర్లు మాత్రమే ఇచ్చింది.

మా మరిది దీని మీద జోకులు వేస్తాడు. "మా వదిన గ్లాసులో నీళ్లిస్తే కూడా, ఈతొచ్చిందా అని అడిగి తాగుతాది" అంటాడు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అతను చెడ్డవాడు కాదు. పాప అంటే ప్రాణం. వచ్చినప్పుడల్లా భుజాల మీద ఎక్కించుకుని బజారంతా తిప్పుతాడు. రెండు చేతులూ వదిలేసి తిప్పుతాడు.

పాపకు మూడో ఏట కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాము. పుత్తూరు పక్కన పల్లె నుంచి మా అత్తగారు, ఆడబిడ్డ, ఇంకొందరు చుట్టాలు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. మరిదికి అప్పుడే పెళ్లయింది. కొత్త పెళ్లికూతురు, అంటే నా తోడికోడలు, ఇంకా అందరి ముందూ తల దించుకునే మాట్లాడేది. గుండు చేయించి, గంధం పూసి, దర్శనం చేసుకుని దిగాము. మర్నాడు తిరుచానూరు అమ్మవారిని చూసుకుంటే మొక్కు తీరినట్టే. కానీ వ్యాను రెండు రోజులకు మాట్లాడారు. మరిది తడ వైపు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, అక్కడి సరస్సులో బోట్లు తిరుగుతాయని అతనికి తెలుసు. "బోటెక్కి పక్షుల్ని చూసి పోదాం. పాప గుండు చూసి కొంగలు చెల్లెలనుకుంటాయి" అన్నాడు.

ఆ దారిలోనే కాళహస్తి వస్తుంది. దారిలో వచ్చే దేవుణ్ణి దాటి పోవడం ఎట్లా అని చుట్టాల్లో ఒకావిడ అంది. సరేనని దిగి చూసుకున్నాము. మళ్లీ వ్యాను ఎక్కేటప్పుడు మా అత్తగారు మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది.

"కాళస్తి సూసినాక ఇంగో తావకు పోకూడదురా. నేరుగా ఇల్లు చేరుకోవాల."

"దారిలోనే ఉండాది గదమ్మా" అన్నాడు మరిది. "సామి మన ఎనకాల్నే బండేసుకుని వస్తాడా, వీళ్లు యాడికి పోతాండారో సూస్తామని?"

డ్రైవరు నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. అయినా ఎక్కింది. మా వైపు అందరికీ తెలిసిన మాటే అది. కాళహస్తి నుంచి ఇంకెవరింటికీ పోరు, ఇంకే గుడికీ పోరు, సరాసరి సొంత ఇంటికే పోతారు. కొందరు దారిలో టీకి కూడా దిగరు.

సరస్సు ఒడ్డున ఒక బోర్డు ఉంది. లైఫ్ జాకెట్ లేనిదే బోటు ఎక్కరాదు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దాని కింద నిలబడి మా వాళ్లు ఫొటో దిగారు. బోటాయన నారింజ రంగు జాకెట్ల మోపు ఒకటి తెచ్చి ఇసుకలో పడేశాడు. అవి తడిగా ఉన్నాయి. మా ఆడబిడ్డ రెండు వేళ్లతో ఒకటి పైకెత్తి ముక్కు మూసుకుంది.

"అబ్బా, చేపల కంపు. కొత్త పట్టుచీరకు అంటుకుంటే పోతాదా?"

"ఆ మలుపు దాటేదాకా ఏసుకోండమ్మా" అన్నాడు బోటాయన. "ఈడ ఆఫీసు సారు సూస్తా ఉంటాడు. దాటినాక మీ ఇష్టం."

"మునిగితే?" అన్నాను.

"యాడ మునిగేది? నడుం లోతేమా. పడినా లేసి నిలబడుకోవచ్చు."

నడుం లోతే అన్న మాట మా వాళ్లకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఒకరి నుంచి ఒకరికి పోయింది. నడుం లోతేనంట, నడుం లోతేనంట అని వ్యాను దగ్గర చెప్పులు విడుస్తున్నవాళ్ల దాకా పోయింది. ఎవరి నడుము అని నేను అడగలేదు. మనసులో అనుకున్నాను. పాప నా నడుము దాకా కూడా రాదు.

చిన్నపిల్లల జాకెట్లు లేవా అని అడిగాను. ఉండేవి, చినిగిపోయాయి అన్నాడు. పెద్దదే ఒకటి పాపకు తొడిగాను. అది పాప మోకాళ్ల దాకా వచ్చింది. పట్టీలు ఎంత బిగించినా చేతుల కింద నా పిడికిలి దూరేంత సందు మిగిలింది. మెడపట్టీ గంధం పూసిన గుండుకు రాసుకుని పాప ఏడుపు మొదలుపెట్టింది.

"ఏమ్మే, దాన్నెందుకు అట్ల మూట గట్టినావు? ఊపిరాడక సస్తాది పిల్ల" అంది అత్తగారు.

"ఉండనీ అత్తా."

"వదిన గారి బ్యాంకు లాకరు అది. దానికి రెండు తాళాలుంటాయి" అన్నాడు మరిది.

నేను తీయలేదు. ఎంత నవ్వినా నేను పట్టు వదలకుండా ఉన్నది అప్పటికి ఆ ఒక్క రోజేనేమో.

మలుపు దాటాక అందరూ జాకెట్లు విప్పేశారు. విప్పి ఊరికే పెట్టలేదు, పీట మీద తడి అంటకుండా మడిచి కింద పరుచుకుని కూర్చున్నారు. మెత్తగా ఉందని ఒకావిడ రెండు వేసుకుంది. అత్తగారు కొంగుముడిలోంచి పసుపు కుంకుమ తీసి నీళ్లలో చల్లి "గంగమ్మ తల్లీ" అని దణ్ణం పెట్టుకుంది. నేను పీట మీద కూర్చోలేదు. బోటు అడుగున, రెండు పీటల మధ్య కూర్చుని పాపను ఒళ్లో పెట్టుకున్నాను. అక్కడ కాస్త నీళ్లు చేరి, డీజిలు వాసన వస్తోంది. చీర తడిసింది. పాప కాసేపటికి ఏడుపు మాని, జాకెట్టులోంచి తాబేలులా తల బయట పెట్టి చూసింది.

మరిది ఇంజను దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"నాకియ్యన్నా, ఒక రౌండు కొడతా. నేను ట్రాక్టరు తోలినోణ్ణి."

"ట్రాక్టరుకు బ్రేకు ఉంటాదప్పా" అన్నాడు బోటాయన. అన్నాడే కానీ ఇచ్చేశాడు. ముందుకు వచ్చి కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు. బోటు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు పోయింది. ప్రతిసారీ నీళ్లు లేచి మీద పడితే ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఇష్టంగానే పెట్టారు. మావారి వైపు చూశాను. ఆయన అంచు మీద కూర్చుని కాళ్లు బయటికి వేశారు. నా చూపు చూసి "ఏం కాదులే మే" అన్నారు.

దూరంగా పక్షులు కనిపించాయి. నీళ్ల మీద గులాబీ రంగు గీత గీసినట్టు ఉన్నాయి. ఎర్రకొంగలు అంది అత్తగారు, ఫ్లెమింగోలమ్మా అంది ఆడబిడ్డ. తోడికోడలి చేతికి ఫోను ఇచ్చి "కొంగలు ఎనకాల పడేట్లు తియ్యి మే, అందరూ ఇటు రండి, బిన్నా రండి, ఎగిరిపోతాయి" అంది. అందరూ లేచి ఒక పక్కకు వచ్చి నిలబడ్డారు. కొంగలు సరిగ్గా వెనక పడాలని మరిది కూర్చున్నచోటి నుంచే ఇంజను పిడిని గట్టిగా తిప్పాడు.

బోటు తిరగబడలేదు. ఒక పక్కకు వంగి, అడుగున కూర్చున్న నాతో సహా మమ్మల్ని పోసేసి, మళ్లీ లేచింది. చేటలో గింజలు చెరిగినట్టు. తోడికోడలు అవతలి అంచు పట్టుకుని ఉండింది కాబట్టి పడలేదు. ఆమె చేతిలో ఫోను తిరుగుతూనే ఉంది.

నోట్లో ఉప్పు తగిలింది. కాళ్లు బురదలో దిగాయి, పిక్కల దాకా దిగాయి. లేచి నిలబడ్డాను. నిజంగానే నడుము లోతే. నా చుట్టూ అందరూ లేచి నిలబడుతున్నారు, నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే నవ్వుతున్నారు. "సెప్తి గదమా నడుం లోతేనని" అని బోటాయన కూడా నవ్వుతున్నాడు. నా ముందు నారింజ రంగు జాకెట్టు తేలుతోంది. చేయి చాచి పట్టుకున్నాను.

అది తేలికగా వచ్చింది.

పైకెత్తాను. పట్టీలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. మెడ దగ్గరి సందులోంచి నీళ్లు కారాయి. దాన్ని అట్లాగే ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. అరవాలని తెలుసు. నోరు తెరిచి ఉందని కూడా తెలుసు. ఏమీ రాలేదు. మరిది చేతులెత్తి గోవిందా అన్నాడు. వీడియోలో ఆ మాట దగ్గర నన్ను వెతికితే ఒక మూలన కనిపిస్తాను. చేతిలో జాకెట్టుతో, నేను కూడా సరదాకే దాన్ని ఎత్తి చూపిస్తున్నట్టు ఉంటాను.

మొదట చూసింది మా అత్తగారు. జాకెట్టును చూసింది, నా మొహం చూసింది. నవ్వు ఆపి, మొహం నీళ్లలో పెట్టి వంగిపోయింది. తొట్లో జారిన చెంబు కోసం తడిమినట్టు రెండు చేతులతో అడుగున తడిమింది. ఒకసారి పైకి లేచి ఊపిరి పీల్చుకుని మళ్లీ వంగింది. అప్పుడు ఎవరో కేక వేశారు. తోడికోడలు ఫోను కింద పడేసింది. అత్తగారు లేచింది. పాప ఆమె చేతిలో ఉంది, ఒక మణికట్టు పట్టుకుని లాగింది. గంధం అంతా కడుక్కుపోయి గుండు తెల్లగా ఉంది.

పాప దగ్గింది. నీళ్లు కక్కింది. తర్వాత ఏడ్చింది.

అందరూ నా వైపు చూశారు. నేను గొల్లుమంటానని, మరిదిని తిడతానని, లేకపోతే పడిపోతానని చూశారు. అత్తగారి చేతిలోంచి పాపను తీసుకుని భుజాన వేసుకున్నాను. వీపు రాశాను. అంతే. ఏడుపు కోసం లోపల వెతికాను, లేదు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేశాక చెంప తడిమితే వేరే ఎవరి చెంపనో తాకినట్టు ఉంటుంది కదా, నా పిల్ల వీపు నాకు అట్లా తగిలింది.

"సూడండి, మా వదినే ఏడవల్యా" అన్నాడు మరిది. "మీరెందుకు అట్ల మొకాలు పెడతారు? ఏం కాలా, ఏం కాలా."

ఆ మాటతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. గ్లాసులో నీళ్లకు భయపడే మనిషే ఏడవలేదంటే, నిజంగానే ఏమీ కాలేదన్నమాట.

దారిలో ఒక ఊళ్లో డాక్టరుకు చూపించాము. ఛాతీ విని, ఈ రాత్రికి ఊపిరి ఎట్లా ఉందో గమనించండి, ఆయాసం వస్తే వెంటనే తీసుకురండి అన్నాడు. మళ్లీ వ్యాను ఎక్కాము. తడిసిన పట్టుచీరల వాసన, సీట్ల కింద నీళ్లు. అప్పుడు అత్తగారు ముందు సీటులోంచి, ఎవరివైపూ తిరగకుండా అంది.

"నేను అప్పుడే సెప్పినా. కాళస్తి నుంచి నేరుగా ఇంటికి పోవాలని. ఇన్నారా ఎవురైనా?"

వ్యానులో ఉన్నవాళ్లందరికీ ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. నిజమే అన్నారు. ఫలానా వాళ్లు కాళహస్తి నుంచి చుట్టాలింటికి పోతే ఏమైందో ఒకావిడ చెప్పింది. ఇంకొకావిడ అంతకంటే పెద్దది చెప్పింది. మరిది రెండు చెంపలూ వేసుకుని "తప్పైపోయింది సామీ" అన్నాడు. అతని కళ్లలో నిజంగా నీళ్లు తిరిగాయి. ఇంజను పిడి గురించి, కింద పరుచుకున్న జాకెట్ల గురించి, ఎవరూ ఎత్తలేదు. అత్తగారి వెనక తల చూస్తూ కూర్చున్నాను. ఆమె జడలోంచి ఇంకా బురద కారుతోంది. బురదలో చేయి పెట్టి నా కూతుర్ని వెతికింది ఆవిడే. చిన్న కొడుకు మీద మాట పడకుండా సామిని అడ్డం పెట్టింది కూడా ఆవిడే. రెండూ ఒకే రోజు చేసింది. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నా దగ్గర ఓపిక లేదు.

తర్వాతి వారం దోషం పోవాలని మళ్లీ కాళహస్తికి తీసుకెళ్లారు. పూజ చేయించి నేరుగా ఇంటికి బయలుదేరాము. దారిలో పాప ఒంటికి వస్తోందని ఏడ్చింది. బండి ఆపలేదు. ఆపితే ఎట్లా, ఆ తప్పుకే కదా వచ్చింది అన్నారు. నా ఒళ్లోనే పోసుకుంది. అది వెచ్చగా తగిలింది. ఆ రోజుల్లో నాకు స్పష్టంగా తగిలిన వాటిలో అదొకటి.

నాలో మార్పు వచ్చిందని అందరూ అన్నారు. నిజమే. మెట్ల కమ్మీలకు కట్టిన చీర జారిపోతే మళ్లీ కట్టలేదు. వీధి చివరి నుంచి వెనక్కి రావడం మానేశాను. పాపకు జ్వరం వస్తే థర్మామీటరు పెట్టి, మందు వేసి, పక్కన కూర్చునేదాన్ని, టైము చూసి మళ్లీ వేసేదాన్ని. గుండె దడదడలాడేది కాదు. "ఇప్పుడు మనిషైనావు" అన్నారు మావారు మెచ్చుకోలుగా. ఒకసారి బోటు సంగతి ఎత్తబోతే, "జరిగిపోయిన దాన్ని ఎన్నిసార్లు తవ్వుతావు?" అన్నారు. నేను అప్పటి వరకు ఒక్కసారి కూడా తవ్వలేదు. ఆయన కూడా నీళ్లలోనే ఉన్నారు కదా, నవ్వుతూ. అది ఆయనకు గుర్తొస్తుందేమో. అడగలేదు.

పాపకు మాత్రం నీళ్లంటే భయం లేదు. బకెట్టులో బొమ్మను ముంచి, తేల్చి, ముంచి, తేల్చి ఆడుకుంటుంది. నేను బాత్రూం గడప మీద కూర్చుని చూస్తుంటాను.

ఈ ఏడాది మరిది కొడుక్కి పుట్టువెంట్రుకలు. వాడికి ఇంకా ఏడాది నిండలేదు. పల్లెలో అందరం కూర్చుని భోజనాలు చేస్తుండగా మరిది ప్రోగ్రాం చెప్పాడు.

"ఈతూరి రూటు కరెక్టుగా ఏసినా. కొండ, తిరుచానూరు, ఆ పైన బోటు. అన్నీ అయినాక ఆఖర్న కాళస్తి. ఆడ్నించి నేరుగా ఇల్లు. ఇంగ సామి కూడా ఏమనలేడు."

"అట్ల సెప్పు" అన్నారెవరో. అందరికీ నచ్చింది. తప్పు దొరికింది, దిద్దుకున్నారు. నేను పప్పు వడ్డిస్తున్నాను. గరిటె గిన్నెలో పెట్టి చెప్పాను.

"మా పాప బోటు ఎక్కదు."

"ఏం వదినా, ఇంకా మర్సిపోల్యా?"

"పాప ఎక్కదు" అన్నాను మళ్లీ. గొంతు పెంచలేదు, కారణం చెప్పలేదు. కారణం చెబితే దానికి జోకు ఉంటుంది. మామూలు మాటకు ఏ జోకు వేయాలో అతనికి తోచలేదు.

"ఈతూరి నేను పట్టుకుంటాలే" అన్నారు మావారు.

"వద్దు."

అత్తగారు అన్నం కలుపుతూనే ఉంది. తలెత్తలేదు.

ఆ సాయంత్రం తోడికోడలూ నేనూ అంట్లు తోముతుంటే ఆమెకు చెప్పాను. జాకెట్టు నా చేతికి ఎట్లా వచ్చిందో, పట్టీలు కట్టినవి కట్టినట్టే ఎట్లా ఉన్నాయో. ఆమె బూడిద చేయి అట్లాగే పెట్టి వింది.

"నేను ఫోన్లోంచే సూస్తాంటి అక్కా. నాకు అందరూ నవ్వేదే కనపడింది" అంది. తర్వాత, "జాకెట్టు ఏసింటే కూడానా?" అంది.

"దాంట్లోంచి జారిపోయింది. మీ పిల్లవాడు అప్పటి పాపలో సగం కూడా లేడు."

"ఆయనకు యాడ సెప్పేది అక్కా. నువ్వు కూడా వదిన మాదిరి అయిపోతాండావు అంటాడు."

ఆమెకు చెప్పాల్సింది చెప్పాను. ఆ పైన నేను మోయగలిగింది లేదనిపించింది.

పోయిన వారం వెళ్లాము. అదే ఒడ్డు, అదే బోర్డు. రంగు కాస్త వెలిసింది. బోటాయన వేరే మనిషి, మోపు మాత్రం అట్లాంటిదే. నడుం లోతేనమ్మా అన్నాడు ఈయన కూడా. అందరూ జాకెట్లు తొడుక్కుంటున్నారు. నేను పాపను తీసుకుని పక్కన తిరగేసి ఉన్న పాత పడవ నీడలో కూర్చున్నాను. తోడికోడలు పిల్లవాణ్ణి చంకన వేసుకుని నీళ్ల అంచు దాకా పోయి నిలబడింది. నా వైపు చూసింది. మరిది బోటులోంచి చేయి చాచాడు.

"బిన్నా రా మే. వాణ్ణి ఇట్లియ్యి ముందు."

ఆమె కదల్లేదు. ఇవ్వనూ లేదు, వెనక్కి రానూ లేదు.

అత్తగారు అప్పటికే బోటులో ఒక కాలు పెట్టింది. ఆ కాలు వెనక్కి తీసుకుంది. నీళ్లలోనే నడుచుకుంటూ వచ్చి తోడికోడలి చంకలోంచి పిల్లవాణ్ణి లాక్కుంది.

"ఏం ఎండ ఇది! కొత్త గుండు, మాడిపోతాది పిల్లోనికి. మీరు పోయి రాపోండి. నేనీడ కూసుంటా."

"నువ్వు రావామ్మా? నీకోసరమే గదా రూటు మార్సింది!"

"నా మోకాళ్లు నొప్పి. పోరా."

ఎండ అంత లేదు. మబ్బు పట్టి ఉంది. ఎవరూ ఆకాశం వైపు చూడలేదు. అత్తగారే వద్దంటే ఇంకేం అన్నట్టు తోడికోడలు చప్పున బోటెక్కేసింది. మావారు ఎక్కే ముందు ఒకసారి వెనక్కి తిరిగారు. "తమ్ముడి పక్కనే కూచుంటా, ఇంజను ముట్టనీను" అన్నారు నాతో. నేను తలూపాను.

బోటు మలుపు దాకా కనిపించింది. అప్పటిదాకా అందరి ఒంటి మీదా నారింజ రంగు ఉంది. మలుపు దాటాక ఏం చేశారో నాకు కనిపించలేదు.

అత్తగారు నా పక్కన చతికిలబడింది. పిల్లవాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుంది. పాప గవ్వలు ఏరుకుంటానని నీళ్ల వైపు పోబోతే, కూర్చున్న చోటి నుంచే చేయి చాచి దాని మణికట్టు పట్టుకుంది.

"జేజీ, వదులు. ఆడ్నే ఉంటా" అంది పాప నానమ్మతో.

"ఈడ్నే ఆడుకో."

"నొప్పి పుడతాండాది జేజీ."

అత్తగారు వినలేదు. వినిపించినట్టు కూడా లేదు. ఆమె చూపు మలుపు మీదే ఉంది. పాప నా వైపు చూసింది. నేను వదలమని చెప్పలేదు. కాసేపటికి పాప అలవాటు పడి, రెండో చేత్తో ఇసుకలో గీతలు గీసుకుంది. ఆ రోజు నీళ్లలో జరిగింది అత్తగారూ నేనూ ఇన్నాళ్లలో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అప్పుడూ మాట్లాడుకోలేదు.

బోటు తిరిగి వచ్చింది. అందరూ పొడిగానే దిగారు.

"సూసినారా?" అన్నాడు మరిది ఒడ్డు మీదికి దూకుతూ. "రూటు మార్సినాం. ఏమన్నా అయిందా?"

"కాలా" అంది అత్తగారు. అప్పుడు చేయి వదిలింది.

ఆ పైన కాళహస్తికి పోయి, అక్కడి నుంచి నేరుగా ఇంటికి వచ్చాము. బట్టలు మార్చేటప్పుడు చూస్తే పాప మణికట్టు మీద వేళ్ల గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి. కొబ్బరినూనె రాశాను. రాస్తూ, నా వేళ్లు ఒక్కొక్కటే ఆ గుర్తుల మీద పెట్టి చూశాను. సరిగ్గా అక్కడే, అంత గట్టిగా. పాప "అమ్మా, నువ్వు కూడానా" అని చేయి లాక్కుంది.